జన్యువుల మీద బతుకు పెట్టే గుర్తులు

(శ్రీకాకుళంలోని ఒక డిగ్రీ కళాశాలలో విద్యార్థులు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఊరి పెద్దల ముందు ఒక జువాలజీ అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలకి వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు అడ్డొస్తే చెప్పండి, ఒకటి ఆపించేద్దాం.

ముందు వరసల్లో ఆశా అమ్మలు, అంగన్‌వాడీ అమ్మలు కూర్చున్నారు. వెనక మా జువాలజీ పిల్లలు. మధ్యలో పెద్దలు. ముగ్గురికీ సరిపోయేలా మాట్లాడటం కష్టమే. పిల్లలకి పరీక్షలో రాసుకోడానికి నాలుగు ముక్కలు కావాలి. పెద్దలకి సుగరు, బీపీల సంగతి కావాలి. ఈ అమ్మలకి రేపు పొద్దున్న కడుపుతో ఉన్న అమ్మాయి ఎదురైతే ఏం చెప్పాలో కావాలి. చూద్దాం.

టీ కొట్టు దగ్గర రోజూ వినే మాట ఒకటుంది. "మా తాతకి సుగరు, మా నాన్నకి సుగరు, నాకూ వచ్చింది. జీన్స్‌లోనే ఉంది, ఏటి సేస్తాం?" అంటారు. అని ఇంకో చెంచాడు పంచదార వేయించుకుంటారు. (నవ్వులు) ఇందులో సగం నిజం ఉంది. జన్యువులు వారసత్వంగా వస్తాయి, వాటితోపాటు ముప్పూ వస్తుంది. కానీ తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి జన్యువులొక్కటేనా? ఆ ఇంటి వంట వస్తుంది, ఆ ఇంటి పొగ వస్తుంది, ఆ ఇంటి పస్తులూ వస్తాయి. ఇవి చాలావరకు జన్యువుల్లోని అక్షరాల్ని మార్చవు. ఏ జన్యువుని ఎంత వాడాలి, దేన్ని పక్కన పెట్టాలి అన్న లెక్కని మారుస్తాయి. ఆ లెక్క ఎలా మారుతుందో, ఎందుకు మారుతుందో చదివే శాస్త్రం ఎపిజెనెటిక్స్.

కాస్త లోపలికి వెళదాం. మన ఒంట్లో ఒక్కొక్క కణంలో ఉన్న డీఎన్‌ఏని, అంటే జన్యువులుండే దారాన్ని, సాగదీస్తే దాదాపు 2 మీటర్లు. అది ఉండాల్సిన కేంద్రకం మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. అందులో ఎలా పట్టింది? చుట్టుకోవడం వల్ల పట్టింది. పొందూరు మనకి దగ్గరే. అక్కడ సన్ననూలు వడికి కండెలకి చుట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. కండె మీద దారం ఉంటుంది గానీ, మధ్యలో ముక్క కావాలంటే అక్కడిదాకా విప్పాల్సిందే. డీఎన్‌ఏకి కండెలు హిస్టోన్లు అనే ప్రోటీన్లు. ఎనిమిది హిస్టోన్లు కలిసి ఒక కండె, దాని మీద డీఎన్‌ఏ ఒకటిన్నర చుట్లకి కొంచెం పైన, కాస్త జాగా వదిలి మళ్ళీ ఇంకో కండె. అలా కోట్లు. బిగుతుగా చుట్టుకున్న చోట ఉన్న జన్యువు కణానికి అందదు. వదులుగా ఉన్న చోటిది అందుతుంది. హిస్టోన్లకి తోకలు ఉంటాయి. ఆ తోకలకి ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపు తగిలితే చుట్టు వదులవుతుంది, ఊడితే బిగుస్తుంది. తగిలించడానికో ఎంజైము, ఊడదీయడానికో ఎంజైము.

రెండో ఏర్పాటు ఇంకా చిన్నది. డీఎన్‌ఏ అక్షరాలు నాలుగే కదా: ఏ, టీ, జీ, సీ. ఇందులో సీకి ఒక మిథైల్ గుంపు అతుక్కుంటుంది. ఒక కార్బను, మూడు హైడ్రోజన్లు, అంతే దాని ఆస్తి. జన్యువు మొదలయ్యే చోట ఇవి ఎక్కువగా చేరితే ఆ జన్యువు మామూలుగా మూగబోతుంది. సీ అక్షరం సీగానే ఉంటుంది. జన్యు పరీక్షలో అక్షరాలు చదివితే అంతా సవ్యంగానే కనిపిస్తుంది, జన్యువు మాత్రం పని చెయ్యదు. కణం రెండైనప్పుడు అక్షరాలతోపాటు ఈ గుర్తుల్నీ నకలు తీసే ఎంజైము ఉంది. పిల్లలూ, దాని పేరు డీఎన్‌ఎంటీ1, రాసుకోండి. అది ఉండబట్టే లివరు కణం చీలితే లివరు కణమే పుడుతోంది.

ఎపిజెనెటిక్స్ అన్న పేరు 1942లో కాన్రాడ్ వాడింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పెట్టాడు. అప్పటికి డీఎన్‌ఏ ఆకారం కూడా ఎవరికీ తెలీదు. ఆయన్ని పట్టి పీడించిన ప్రశ్న ఒకటే: ఒకే ఒక్క పిండకణంలోంచి ఎముక, కన్ను, గుండె వేరువేరుగా ఎలా వస్తున్నాయి? ప్రోటీన్లు తయారుచేయించే జన్యువులు మనకి 20 వేలకి అటూ ఇటూగా ఉన్నాయి. గుండెలోనూ అవే, కంటిలోనూ అవే. ఏది చదవాలన్నదే తేడా.

మీ వీధిలో నలుపూ నారింజా తెలుపూ కలిసిన మూడు రంగుల పిల్లి ఉంటే ఈసారి జాగ్రత్తగా చూడండి. దాదాపు ఎప్పుడూ అది ఆడదే. పాలిచ్చే జంతువుల్లో ఆడదానికి ఎక్స్ అనే క్రోమోజోములు, అంటే జన్యువుల కట్టలు, రెండు. పిండంగా ఉన్నప్పుడే ఒక్కో కణం ఆ రెండింట్లో ఒకదాన్ని మూసేస్తుంది, దాని పిల్ల కణాలన్నీ అదే మూసి ఉంచుతాయి. పిల్లికి నారింజ రంగు జన్యువు ఎక్స్ మీద ఉంది. ఈ ఎక్స్ మూసిన చోట నలుపు, ఆ ఎక్స్ మూసిన చోట నారింజ. తెలుపు సంగతి వేరే జన్యువుది. 1961లో మేరీ లయన్ ఎలకల మీద పనిచేస్తూ ఈ సంగతి పట్టుకుంది. ఇక్కడ కూర్చున్న అమ్మలందరి ఒంట్లోనూ ఇదే ఏర్పాటు ఉంది. రంగులు పైకి కనపడవు, అంతే తేడా.

సీతంపేట కొండల తేనె తిన్నవాళ్ళకి ఇంకో సంగతి. రాణి ఈగ, పనిచేసే ఈగలు ఒకే రకం గుడ్ల నుంచి పుడతాయి. లార్వాగా ఉన్నప్పుడు చివరిదాకా రాయల్ జెల్లీ తిన్నది రాణి అవుతుంది, మూడు రోజుల తర్వాత మామూలు మేతకి మారినది పనికత్తె అవుతుంది. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు లార్వాల్లో మిథైల్ గుర్తులు పెట్టే ఒక ఎంజైముని అణచిపెట్టారు. ఆ లార్వాల్లో ఎక్కువ భాగం రాణులుగా ఎదిగాయి. మేత జన్యువుల దాకా ఎలా చేరుతుందో చూపించిన ప్రయోగాల్లో నాకు ఇష్టమైనది ఇదే.

ఎలకల మీద కూడా ఇలాంటిది ఉంది. 2003లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాటర్‌ల్యాండ్, జర్టిల్ అనే ఇద్దరు కడుపుతో ఉన్న ఎలకలకి ఫోలిక్ యాసిడ్, బీ12, కోలిన్, బీటెయిన్ అనే పోషకాలు కలిపి పెట్టారు. ఒళ్ళు వచ్చి పసుపురంగులో పుట్టాల్సిన పిల్లల్లో చాలా వాటికి గోధుమ రంగు వచ్చింది. జన్యువు అదే, దాని మీద గుర్తులు పెరిగాయి. ఆ ఎలకల ఫొటో నెట్‌లో ఎక్కడ చూసినా ఉంటుంది. దాన్ని పెట్టి మందులు అమ్మేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ సంగతి తర్వాత.

మనుషుల్ని ప్రయోగం కోసం పస్తు పెట్టలేం. యుద్ధాలు పెట్టాయి. 1944 చివర్లో నాజీ సైన్యం నెదర్లాండ్స్ పడమటి ప్రాంతానికి తిండి అందకుండా చేసింది. మనిషికి రోజుకి ఇచ్చే రేషను వెయ్యి కేలరీల కిందికి, మరీ గడ్డుకాలంలో ఐదారువందలకి పడిపోయింది. ట్యూలిప్ గడ్డలు ఉడకబెట్టుకు తిన్నారు. 1945 మే నాటికి విముక్తి వచ్చింది, తిండీ వచ్చింది. కరువు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో తేదీలతో సహా తెలుసు. ఆసుపత్రి రికార్డులు భద్రంగా ఉన్నాయి. కాబట్టి ఎవరు ఏ నెల కడుపులో ఉండగా తల్లి పస్తులుందో చెప్పగలిగారు.

ఆ పిల్లలకి అరవై ఏళ్ళు దగ్గరపడ్డాక వాళ్ళ రక్తం తీసి, 2008లో అచ్చయిన ఒక పరిశోధనలో ఐజీఎఫ్2 అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు లెక్కపెట్టారు. ఇది ఎదుగుదలకి సంబంధించిన జన్యువు. ఎవరితో పోల్చారన్నది ముఖ్యం: కరువుకి తగలని సొంత తోబుట్టువులతో. ఒకే తల్లి, ఒకే ఇల్లు. కరువు రోజుల్లో కడుపున పడినవాళ్ళకి గుర్తులు కొంచెం తక్కువున్నాయి. నెలలు నిండే సమయంలో కరువు తగిలినవాళ్ళకి ఆ తేడా లేదు. ఆ కరువుకి కడుపులో చిక్కినవాళ్ళలో పెద్దయ్యాక గ్లూకోజుని ఒళ్ళు సరిగా వాడుకోలేకపోవడం ఎక్కువని వేరే అధ్యయనాల్లో తేలింది. ఈ రెండింటినీ కలిపి ఆ గుర్తే సుగరు తెచ్చిందనడానికి లేదు. తేడా చిన్నది, జనం తక్కువ. అరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ గుర్తు చెరగలేదన్నదే పెద్ద సంగతి.

మనకి కరువులు కొత్తా? 1866లో ఒరిస్సాని ఊడ్చేసిన కరువు గంజాం జిల్లానీ వదల్లేదు, అప్పట్లో మన శ్రీకాకుళం ఆ గంజాంలోదే. అందుకని ఈ మధ్య ఫోన్లలో ఒక వీడియో తిరుగుతోంది. తెల్లదొరల కాలంలో మన ముత్తాతలు పస్తులున్నారు కాబట్టి మన జన్యువుల మీద కరువు ముద్ర పడింది, అందుకే మనకి ఇంత సుగరు, అని. వినడానికి బాగుంటుంది. దొరల మీద కోపమూ న్యాయమే. కానీ ముత్తాత కాలంనాటి గుర్తు మన దాకా వచ్చిందని మనుషుల్లో ఎవరూ రుజువు చెయ్యలేదు. పాలిచ్చే జంతువుల్లో వీర్యకణం, అండం తయారయ్యేటప్పుడు ఒకసారి, పిండం పడ్డ కొత్తలో ఇంకోసారి ఈ గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి. కొన్ని తప్పించుకుంటాయి. ఎన్ని తప్పించుకుంటాయి, మనుషుల్లో వాటికెంత బలం ఉంది అన్నదాని మీద వాదం ఇంకా నడుస్తోంది.

అమ్మమ్మ సంగతి మాత్రం వేరు. ఆడపిల్ల కడుపులో ఉండగానే ఆమె అండాశయంలో అండాలన్నీ ఏర్పడిపోతాయి. మీరు ఏ అండం నుంచి పుట్టారో ఆ అండం, మీ అమ్మ తన తల్లి కడుపులో ఉన్నప్పుడే తయారైంది. అమ్మమ్మ కడుపుతో ఉండగా పస్తుంటే ఆ పస్తు ముగ్గురికి ఒకేసారి తగిలింది: ఆమెకి, మీ అమ్మకి, మీలో సగానికి. దీనికి తరాలు దాటే గుర్తులేవీ అక్కర్లేదు.

మన దేశం సంగతికొస్తే పుణె దగ్గర ఆరు పల్లెల్లో 1993లో మొదలైన అధ్యయనం ఉంది. కేఈఎం ఆసుపత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ నడిపించారు. ఆ పల్లె పిల్లలు పుట్టినప్పుడు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండులో సౌతాంప్టన్ పిల్లలు 3.5 కిలోలు. చూడ్డానికి మనవాళ్ళు బక్కపిల్లలు. కానీ కొలిచి చూస్తే తగ్గింది కండ, అవయవాలు. చర్మం కింద కొవ్వు పెద్దగా తగ్గలేదు. సన్నగా కనపడే లావు పిల్లలన్నమాట. మూడింట రెండొంతుల మంది తల్లుల్లో బీ12 తక్కువ. ఫోలేటు, అంటే ఫోలిక్ యాసిడ్ రకం విటమిను, ఎక్కువుండి బీ12 తక్కువున్న తల్లుల పిల్లల్లో, ఆరేళ్ళకే ఇన్సులిన్ సరిగా పనిచెయ్యకపోవడం ఎక్కువగా కనిపించింది. ఫోలేటు, బీ12 రెండూ మిథైల్ గుంపుల్ని అందించే దారిలో జంటగా పనిచేస్తాయి. ఒకటి ఉండి రెండోది లేకపోతే దారి మధ్యలో ఆగుతుంది.

ఆగండి, ఇక్కడ గట్టిగా ఒక మాట. ఇది విని రేపు ఎవరిచేతా ఫోలిక్ మాత్ర మానిపించకండి! కడుపులో బిడ్డ వెన్ను, మెదడు ఏర్పడే గొట్టం 28 రోజులకే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి కడుపని కూడా తెలీదు. ఒకసారి ఈ లోపంతో బిడ్డని కన్న తల్లులకి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే మళ్ళీ ఆ లోపం రావడం మూడింట రెండొంతులకు పైగా తగ్గిందని 1991లో బ్రిటిష్ పరిశోధనలో తేలింది. కాబట్టి మీరిచ్చే ఎర్ర మాత్ర, అంటే 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, 180 రోజులూ మింగాల్సిందే. బళ్ళో ఆడపిల్లలకి వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర కూడా అంతే. జేబులో వేసుకుని ఇంటికెళ్ళి పారేస్తున్నారని నాకు తెలుసు, మీకూ తెలుసు. మాత్రతోపాటు బీ12 కూడా చూసుకోండి అన్నదే పుణె చెప్పిన పాఠం. బీ12 ఆకుకూరల్లో ఉండదు, పప్పుల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసాల్లో ఉంటుంది. తీరం ఊళ్ళలో ఎండు నెత్తళ్ళ పులుసు తినే అమ్మాయికి అంత బెంగ లేదు. చోడంబలి అంటే రాగి అంబలి, పచ్చిమిరపకాయతో రోజు గడిపే అమ్మాయికీ, నీసు ముట్టని ఇంటి అమ్మాయికీ గ్లాసెడు పాలో పెరుగో అందుతోందా అని అడగండి. చోడంబలి మంచిదే, అందులో బీ12 లేదంతే.

మన తెలుగునేల మీద జరిగిన పని కూడా ఒకటి చెప్పాలి. 1987 నుంచి 1990 దాకా హైదరాబాదు దగ్గరి పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన చేసింది. కొన్ని పల్లెల్లో గర్భిణులకి, బాలింతలకి, పసిపిల్లలకి రోజూ ఉప్మా వండి పెట్టారు. తల్లులకి రోజుకి 500 కేలరీలు. పక్క పల్లెల్లో అప్పటికింకా ఈ తిండి పెట్టే పథకం రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళయ్యాక మళ్ళీ వెళ్ళి కొలిచారు. ఉప్మా పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. 2008లో ఇది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఇందులో జన్యువుల మీది గుర్తులు లెక్కపెట్టలేదు, కాబట్టి ఇది ఎపిజెనెటిక్స్ రుజువు కాదు. అయినా అంగన్‌వాడీ అమ్మలకి చెబుతున్నాను: మీ గరిటె చేసే పని పదిహేనేళ్ళ తర్వాత రక్తనాళాల్లో కొలిస్తే కనపడింది. జీతాల సంగతి మాట్లాడేటప్పుడు ఈ కాగితం కూడా పట్టుకెళ్ళండి. (చప్పట్లు)

ఇంక అత్తగార్లకి ఒక మాట. ఎపిజెనెటిక్స్ పేరు చెప్పి కోడల్ని సాధించడానికి ఇంకో కారణం దొరికిందని అనుకోకండి. "కడుపుతో ఉన్నప్పుడు సరిగ్గా తిన్నావు కాదు, అందుకే నా మనవడు ఇలా ఉన్నాడు" అన్న మాట ఎన్ని ఇళ్ళలో వినలేదు? ఆమె ఏం తింటుందో నిర్ణయించింది ఎవరు? ఆఖరున తినమన్నది ఎవరు? ఎనిమిదో నెలలో పొలానికి పంపింది ఎవరు? స్వీడన్‌లో ఓవర్‌కాలిక్స్ అనే మారుమూల ఊరి పాత పంటల లెక్కలు తీసి చూస్తే, పెద్దకాబోయే ముందు వయసులో సమృద్ధిగా తిన్న తండ్రి తరపు తాతల మనవళ్ళలో సుగరుతో చావులు ఎక్కువున్నాయట. మూడొందల మందే, జాగ్రత్తగా తీసుకోవాలి. బ్రిటన్‌లో 11 ఏళ్ళలోపే సిగరెట్ మొదలుపెట్టిన తండ్రుల కొడుకులు తొమ్మిదేళ్ళకి లావుగా ఉన్నారని ఇంకో పరిశీలన. ఇవీ అంత గట్టివి కావు. కానీ తండ్రుల మీద పరిశోధనలే తక్కువ జరిగాయి. ఎవరి మీద ఎక్కువ వెతికితే వాళ్ళ తప్పే ఎక్కువ కనపడుతుంది.

అభిమన్యుడి గురించి ఎవరో అడగబోతున్నారు, చెయ్యి లేవడం కనపడుతోంది. (నవ్వులు) అభిమన్యుడు కడుపులో పద్మవ్యూహం విన్నాడు, ప్రహ్లాదుడు నారాయణ మంత్రం విన్నాడు. కథలుగా నాకూ ఇష్టమే. మిథైల్ గుంపుకి వ్యూహాలు తెలీవు. తల్లి ఆకలి, తల్లి భయం, తల్లి పీల్చే పొగ బిడ్డకి తగులుతాయి. శ్లోకం వల్ల తల్లి మనసు కుదుటపడితే మంచిదే, దానికోసం ఏ క్లాసులకీ వేలకి వేలు ఫీజు కట్టక్కర్లేదు. అలాగే వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడుగారు ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నారని చెప్పుకుంటాం. ఆ కండలు గుర్తుల రూపంలో వీరఘట్టం పిల్లలకి వచ్చెయ్యవు, ఎవరి కసరత్తు వాళ్ళు చెయ్యాల్సిందే.

తల్లి భయం అన్నాను కదా. 1998 జనవరిలో కెనడాలో క్యుబెక్ ప్రాంతంలో మంచుతుపాను వచ్చింది. చలిలో లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, కొన్నిళ్ళకి నెల దాటినా రాలేదు. అప్పుడు కడుపుతో ఉన్నవాళ్ళని సుజాన్ కింగ్ బృందం వెతికి పట్టుకుని, ఎన్ని రోజులు కరెంటు లేదు, ఇల్లు వదలాల్సి వచ్చిందా అని రాసుకుంది. పిల్లలకి 13 ఏళ్ళు వచ్చాక రక్తంలో రోగాలతో పోరాడే టీ కణాల మీద గుర్తులు చూస్తే, తల్లి పడ్డ కష్టాన్ని బట్టి తేడాలు కనిపించాయి. ఎంత బెంగపడ్డానో అని తల్లి చెప్పిన మాటతో కాదు, ఎన్ని రోజులు చీకట్లో ఉందో ఆ లెక్కతో కుదిరాయి. ముప్ఫై చిల్లర మంది పిల్లలు మాత్రమే, అయినా ఆలోచించదగ్గది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజాము ఇక్కడ ఎవరు మర్చిపోతారు? తిత్లీ తుపాను. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు ఆడక నీళ్ళు లేవు. ఆ రోజు కడుపులో ఉన్న పిల్లలు ఇప్పుడు బళ్ళో చదువుకుంటున్నారు. వాళ్ళని భయపెట్టమని కాదు. తుపాను జాబితాలో గర్భిణుల పేర్లు ముందుండాలనీ, షెల్టరుకి ముందు వాళ్ళనే చేర్చాలనీ, నీళ్ళ ట్యాంకరు ముందు వాళ్ళ వీధికే వెళ్ళాలనీ చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఆశా రిజిస్టరే అన్నిటికంటే విలువైన పుస్తకం.

ఇక పొగ. ఈ జిల్లాలో నిలబడి దీని గురించి మాట్లాడకపోతే తప్పు. అడ్డపొగ తెలియని వాళ్ళు మా పిల్లల్లో కొందరున్నారు, వాళ్ళ కోసం చెబుతున్నాను. చుట్ట ముట్టించి, కాలే కొనని నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీల్చడం. తీరం పల్లెల్లో, మెట్ట ఊళ్ళలో ఆడవాళ్ళకే ఇది ఎక్కువ. గాలికి ఆరిపోకుండా ఉంటుందని కొందరు, చేతులు పనిలో ఉన్నా నోట్లో ఉంటుందని కొందరు, పెద్దవాళ్ళ కళ్ళ పడకుండా అని కొందరు. నోరు తెరిస్తే అంగిలి మీద తెల్లగా మందం కట్టి, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు, కొన్నిచోట్ల నల్లని మరకలు. నిప్పు వేడి, పొగ, బూడిద మూడూ అంగిలికే తగులుతాయి. మామూలుగా అంగిలికి క్యాన్సరు రావడం అరుదు, ఇక్కడ అరుదు కాదు. 1971లో పిండ్‌బోర్గ్, ఫాలీ మెహతా మొదలైనవాళ్ళు శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి ప్రపంచానికి చెప్పారు. దంతవైద్య పుస్తకాల్లో మన జిల్లా పేరు ఇలా ఎక్కింది, గర్వపడే సంగతి కాదు.

పొగాకు అక్షరాలనీ పాడు చేస్తుంది, గుర్తులనీ పాడు చేస్తుంది. నోటి క్యాన్సర్లలో పీ16 అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు పేరుకుని అది మూగబోవడం తరచు కనపడుతుంది. కణం అదేపనిగా చీలకుండా ఆపేది అది. ఇలా మూతపడ్డ జన్యువుల్ని మళ్ళీ తెరిపించడానికి మందులొచ్చాయి. అజాసైటిడిన్ అనే దాన్ని ఎముకమజ్జ జబ్బు ఒకదానికి 2004లో అమెరికాలో ఆమోదించారు, మన దేశంలోనూ వాడుతున్నారు. నోటి క్యాన్సరుకి అది మందు కాదు, ఆశ పెట్టుకోకండి.

రక్తంలో పొగాకు జాడ అన్నిటికంటే స్పష్టంగా కనపడేది ఏహెచ్ఆర్ఆర్ అనే జన్యువు దగ్గర. పొగతాగేవాళ్ళకి అక్కడ మిథైల్ గుర్తులు తగ్గిపోతాయి. సిగరెట్ తాగిన తల్లులకి పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తంలోనూ ఆ మార్పు ఉంటుంది. 2016లో దాదాపు 16 వేల మంది రక్తాన్ని చూసిన పరిశోధన ఒకటి వచ్చింది. మానేసినవాళ్ళలో చాలా గుర్తులు ఐదేళ్ళలోపే మామూలు స్థితికి దగ్గరయ్యాయి. కొన్ని మాత్రం ముప్ఫై ఏళ్ళయినా కదల్లేదు.

వయసు గడియారం సంగతి క్లుప్తంగా. 2013లో స్టీవ్ హోర్వాత్ డీఎన్‌ఏలో 353 చోట్ల మిథైల్ గుర్తులు చూసి మనిషి వయసు కొద్ది ఏళ్ళ తేడాతో చెప్పొచ్చని చూపించాడు. పరిశోధనకి గొప్ప పనిముట్టు. దాని పేరుతో ఇంటికి కిట్ పంపి "మీ అసలు వయసు" చెబుతాం, తగ్గించే పొడి కూడా మా దగ్గరే ఉంది అనేవాళ్ళు తయారయ్యారు. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోండి.

ప్రశ్నలు అడగండి.

ఒక విద్యార్థిని: సార్, కవలలిద్దరికీ జన్యువులు ఒకటే కదా. మరి ఒకరికే జబ్బు ఎందుకొస్తుంది?

మంచి ప్రశ్న. 2005లో స్పెయిన్‌లో ఎస్టెల్లర్ బృందం ఒకే పోలిక కవలలు 40 జంటల్ని చూసింది. చిన్న వయసు జంటల్లో గుర్తులు దాదాపు ఒకటే. పెద్దవాళ్ళలో, అందులోనూ విడివిడిగా బతికినవాళ్ళలో తేడాలు ఎక్కువ. జబ్బులో తేడాకి కొంత కారణం ఇదయ్యుండొచ్చు, కొంత ఉత్త అదృష్టం కూడా. అన్నిటికీ కారణం చూపించాలనుకోవడం మన బలహీనత.

ఒక పెద్దాయన: మాది కవిటి దగ్గరండి. మా వీధిలో ఇంటికొకరు కిడ్నీ. ఇది కూడా ఇలాంటిదేనా?

బాబూ, ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. నీళ్ళు, ఎండలో చెమటోడ్చే పని, నొప్పి బిళ్ళలు, వంశం, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. గుర్తుల పాత్ర ఉంటే ఉండొచ్చు. కానీ "జన్యువుల్లో ఉంది" అని ఎవరైనా మీకు చెప్పి నీళ్ళ సంగతి, కూలి సంగతి దాటేస్తే ఒప్పుకోకండి. గుర్తు పెట్టింది బయట నుంచి వచ్చినదేదైనా అయ్యుండొచ్చు కదా, దాన్ని వెతకాలి. ఈలోగా ఇంట్లో అందరూ కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి, డాక్టరు చెప్పకుండా నొప్పి బిళ్ళ మింగకండి. ఎండలో పనికెళ్తే మధ్యమధ్య నీడన కూర్చుని నీళ్ళు తాగండి.

ఒక ఆశా కార్యకర్త: మేస్టారూ, మా అత్తకి డెబ్బయ్యేళ్ళు. సిన్నప్పట్నుంచీ అడ్డపొగే. మానమంటే "ఇంకెన్నాళ్ళు బతుకుతానే, ఇప్పుడు మానితే ఏటొస్తాది" అంటది. ఏటి సెప్పమంటారు?

డెబ్బయ్యేళ్ళకి మానినా లాభం ఉందమ్మా. ఇందాక చెప్పిన గుర్తులు వెనక్కి తిరగడం ఒకటి. రెండోది, మన జిల్లాతో కలిపి మూడు జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్ళకి మానమని ఊరూరా చెప్పి చూశారు. అలా చెప్పించుకున్నవాళ్ళలో క్యాన్సరుకి ముందొచ్చే మచ్చలు తగ్గాయని 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఒక్కసారే మానలేకపోతే ముందు కాలే కొన బయటికి తిప్పమనండి. అదీ మంచిది కాదు గానీ అంగిలి మీద నిప్పు తప్పుతుంది, తర్వాత పూర్తిగా మానిపించొచ్చు. ఈ రాత్రే ఆవిణ్ణి కూర్చోబెట్టి, కట్టుడు పళ్ళుంటే తీయించి, సెల్‌ఫోను లైటు వేసి అంగిలి, బుగ్గల లోపల, నాలుక కింద చూడండి. తెల్లమచ్చ గరుగ్గా ఉన్నా, ఎర్రమచ్చ ఉన్నా, రెండు వారాలకి మానని పుండు ఉన్నా, గడ్డలా చేతికి తగిలినా ప్రభుత్వాసుపత్రి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు, మొదట్లో నొప్పి ఉండదు. మీ వీధిలో చుట్ట కాల్చే మిగతా మామ్మల పేర్లు కూడా రాసుకుని, వాళ్ళనీ అదే ఆటోలో ఎక్కించండి.